వర్చువల్ ప్రపంచాలు, ఆన్‌లైన్ ఆటలు

నెట్‌వర్క్ ద్వారా ఒకేసారి ఎంతోమంది ప్రవేశించగలిగేవి, ఒకరు వెళ్ళిపోయినా తక్కినవారి కోసం నడుస్తూనే ఉండేవి వర్చువల్ ప్రపంచాలు. వీటి చరిత్రను బొమ్మల నాణ్యతను బట్టి చెప్పడం పరిపాటి. అయితే ఆటగాళ్ళకు వీటిమీద ఎంత అధికారం దక్కిందన్నదే అంతకన్నా ముఖ్యమైన చరిత్ర.

ఆరంభం

ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో 1978లో రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి ‘మడ్’ (మల్టీ యూజర్ డంజన్) రాయడం మొదలుపెట్టారు. 1980లో ఆ పనిని రిచర్డ్ బార్ట్‌ల్ అందుకున్నారు. తెరమీద బొమ్మ ఒక్కటీ ఉండేది కాదు. గది వర్ణన చదివి, ఎటు వెళ్ళాలో, ఏం చేయాలో టైపు చేయాలి. దొరికిన నిధిని ఊబిలో పడేస్తే పాయింట్లు వచ్చేవి; అవి తగినన్ని కూడితే ఆటగాడు ‘విజార్డ్’ అయి, ఆ లోకాన్ని నడిపే శక్తుల్లో వాటా పొందేవాడు. పుట్టుకను బట్టి కాక చేతలను బట్టి మనిషి ఎదిగే చోటు కావాలన్న ఆలోచన దీని వెనుక ఉందని బార్ట్‌ల్ తర్వాత చెప్పారు. 1996 నాటి ప్రసిద్ధ వ్యాసంలో ఆయన ఆటగాళ్ళను నాలుగు రకాలుగా విభజించారు: సాధకులు, అన్వేషకులు, సాంగత్యం కోరేవారు, తోటివారి మీద దాడికి దిగేవారు.

1989లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ ఆస్ప్‌నెస్ ‘టైనీమడ్’ తయారుచేశారు. అందులో చేరుకోవలసిన గమ్యమంటూ లేదు. గదులు కట్టుకునే వీలు మాత్రం ఆటగాళ్ళకు ఉంది. గెలుపు లేకపోయినా జనం వచ్చారు, కట్టారు, కబుర్లు చెప్పుకున్నారు.

లాంబ్డామూ

ఈ వరుసలో అత్యంత విలువైన ప్రయోగం లాంబ్డామూ. జెరాక్స్ పార్క్ పరిశోధనశాలలో పావెల్ కర్టిస్ దీన్ని 1990లో ప్రారంభించారు. లోకం నడిబొడ్డున ఉన్న భవంతికి కాలిఫోర్నియాలోని ఆయన సొంత ఇల్లే నమూనా. కొత్తవారు కోట్లు తగిలించే అలమరలోంచి లోపలికి అడుగుపెట్టేవారు.

సభ్యుల తగవులు ఇక తాము తీర్చబోమని, సాంకేతిక పనులకే పరిమితమవుతామని 1992లో నిర్వాహకులు ప్రకటించారు. తర్వాత కొద్దికాలానికే ఒక సభ్యుడు ఇతరుల పాత్రలను వశం చేసుకుని, అందరూ చూస్తుండగా వాటిపై లైంగిక హింసను వర్ణించాడు. జరిగింది అక్షరాల్లోనే అయినా బాధ నిజమైనది. సభ్యులు సమావేశమై వాదించుకున్నా తీర్పు తేలలేదు. చివరికి ఒక నిర్వాహకుడు తన నిర్ణయంగా ఆ పాత్రను తొలగించాడు. జూలియన్ డిబెల్ 1993 డిసెంబరులో ‘విలేజ్ వాయిస్’ పత్రికలో రాసిన కథనం దీన్ని లోకానికి తెలియజేసింది. దరిమిలా కర్టిస్ అర్జీలు, ఓటింగు పద్ధతి ప్రవేశపెట్టారు. సామాజిక నిర్ణయాలకు పూర్తిగా దూరంగా ఉండటం అసాధ్యమని 1996లో నిర్వాహకులు ఒప్పుకున్నారు.

బొమ్మల యుగం

హాబిటాట్ (1986), అల్టిమా ఆన్‌లైన్ (1997), ఎవర్‌క్వెస్ట్ (1999), సెకండ్ లైఫ్ (2003), వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ (2004) ఈ దశలో ప్రధానమైనవి. ఐస్‌లాండ్‌లో తయారైన ఈవ్ ఆన్‌లైన్ 2008 నుంచి ఆటగాళ్ళు ఎన్నుకునే సలహా మండలిని నడుపుతోంది. తమ దేశాల్లో నిషేధానికి గురైన పాత్రికేయుల రచనలను అందుబాటులో ఉంచేందుకు, ‘రిపోర్టర్స్ వితౌట్ బోర్డర్స్’ సంస్థ 2020లో మైన్‌క్రాఫ్ట్ ఆట లోపల ఒక గ్రంథాలయాన్ని తెరిచింది. ఆటస్థలం ఇంతటి ప్రజాప్రయోజనానికి ఉపయోగపడటం హర్షణీయం.

భవిష్యత్తు

2021 అక్టోబరులో ఫేస్‌బుక్ సంస్థ మెటాగా పేరు మార్చుకున్నాక చర్చ కళ్ళకు తగిలించుకునే పరికరాల వైపు మళ్ళింది. ఆటగాళ్ళను కలవరపెడుతున్నది మాత్రం మరొకటి: ఆటను నడిపే సంస్థ సర్వర్లు ఆపేస్తే ఏళ్ళ తరబడి అల్లుకున్న స్నేహాలు, కట్టుకున్న ఊళ్ళు ఏమవుతాయి? 2024లో ‘ది క్రూ’ ఆట సర్వర్లు మూతపడటంతో మొదలైన ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ ఉద్యమం యూరోపియన్ యూనియన్‌కు పెట్టిన పౌర అర్జీ, 2025 జులైలో 10 లక్షల సంతకాలు దాటింది. 2012లో మూతపడిన ‘సిటీ ఆఫ్ హీరోస్’ ఆటను అభిమానులు తమ సొంత సర్వర్ల మీద మళ్ళీ నడిపించారు. వారి ‘హోమ్‌కమింగ్’ బృందానికి 2024 జనవరిలో హక్కుదారు సంస్థ అధికారిక అనుమతి ఇచ్చింది.