దిగుడుబావి దగ్గర పాఠం

కర్నూలు జిల్లాలో నేను పంతులుగా చేరిన రోజుల్లో ఎండాకాలం వచ్చిందంటే హాజరుపట్టీ నిండా గైరుహాజరులే. పిల్లలు ఆటలకు పోయి కాదు, నారికురుపు లేచి కాలు కదపలేక. పాదం మీదో పిక్క మీదో బొబ్బ లేస్తుంది. మంట తట్టుకోలేక నీళ్ళలో కాలు పెడితే అది పగిలి, తెల్లదారం లాంటి పురుగు తల బయటపెడుతుంది. దాన్ని చీపురుపుల్లకు చుట్టి రోజుకు కొంచెం చొప్పున తీయాలి. మీటరు దాకా ఉండే పురుగు, వారాలు పడుతుంది. తొందరపడి లాగితే లోపలే తెగి కాలంతా చీము పడుతుంది. దీనికి మందు లేదు, టీకా లేదు. ఒకసారి వచ్చినవాళ్ళకు మళ్ళీ రాదన్న భరోసా కూడా లేదు.

కేంద్రం 1983-84లో నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టింది. 1984లో ఏడు రాష్ట్రాల్లో దాదాపు 40 వేల కేసులు తేలాయి. ఆ ఏడింటిలో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి.

పురుగున్న కాలితో దిగుడుబావిలో దిగితే అది నీళ్ళలో లక్షల పిల్లలను వదులుతుంది. సైక్లాప్స్ అనే నలుసంత నీటిపురుగు వాటిని మింగుతుంది. ఆ నీళ్ళు తాగినవాళ్ళ ఒంట్లో అవి ఏడాదిపాటు పెరుగుతాయి. నాకు చెప్పడానికి అన్నిటికంటే కష్టమైంది ఆ ఏడాదే. "పోయినేడు తాగిన నీళ్ళకు ఈ యేడు పురుగు లేస్తాదా సారూ? యాడన్నా ఉంటాదా?" అని పెద్దలు అడిగేవాళ్ళు. వాళ్ళ ప్రశ్న న్యాయమైనదే. అందుకని ఏ ఇంటివాళ్ళు ఏ బావి నీళ్ళు తాగుతున్నారో పిల్లల చేత రాయించి, కాగితం దాచాను. మరుసటి వేసవిలో కురుపు లేచిన ఇళ్ళకు గుర్తులు పెట్టించాను. గుర్తులు దాదాపు అన్నీ ఒకే బావి కింద పడ్డాయి. ఊళ్ళో వాళ్ళు నమ్మింది నా మాటను కాదు, సొంత పిల్లల చేతిరాతను.

ఇంకో పాఠం గాజుగ్లాసుతో. బావినీళ్ళు ఎండకు పట్టి చూపిస్తే తెల్లటి నలుసులు ఎగిరెగిరి ఈదేవి. ఆ నీళ్ళనే ఒత్తునేత గుడ్డ రెండు మడతలేసి వడగట్టి, మళ్ళీ చూపించేవాణ్ణి. ఏమీ ఉండేవి కావు. ఆ సాయంత్రమే పిల్లలు ఇంట్లో కడవ మూతికి గుడ్డ కట్టించేవాళ్ళు.

బోరింగులు వేశారు, మెట్లు మూసి బావులకు గోడలు కట్టారు, నీళ్ళలో టెమిఫాస్ మందు చల్లారు. అవన్నీ పెద్ద పనులే. కానీ బోరింగు నీళ్ళకు పప్పు ఉడకదని ఆడవాళ్ళు మళ్ళీ పాతబావికి పోయేవాళ్ళు. ఆ సంవత్సరాల్లో ఊరిని కాపాడింది వడగుడ్డే. ఈ చరిత్ర రాసేవాళ్ళు దాన్ని కట్టించిన పిల్లల పేరు కూడా ఎత్తాలని నా కోరిక.

దేశంలో చివరి కేసు 1996 జూలైలో రాజస్థాన్‌లోని జోధ్‌పూర్ జిల్లాలో కనిపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపత్రం 2000 ఫిబ్రవరిలో వచ్చింది. అప్పటి నా తరగతిలో నారికురుపు బొమ్మను ఒక్కరూ గుర్తుపట్టలేదు. ఇంటికి పోయి మీ నాన్నలను అడిగి రాసుకు రమ్మని పంపాను.