రంగం విడిచిన రోజులు

ఉగాదినాడు మన బరంపురంలో ఏ పాత తెలుగు ఇంటికి వెళ్ళి పచ్చడి పుచ్చుకున్నా, మాటల మధ్య ఎక్కడో ఒకచోట "రంగం" పేరు వినబడుతుంది. రంగూనుకు మన పెద్దలు పెట్టుకున్న పేరది. గంజాం, శ్రీకాకుళం, విశాఖ పల్లెలలో పంట పోయిన ఏడాది, మేస్త్రీ ఇచ్చిన బయానా పుచ్చుకుని, గోపాల్‌పూర్ రేవులోనో, కళింగపట్నంలోనో, భీమిలిలోనో, కాకినాడలోనో పొగఓడ ఎక్కి డెక్కుమీద పడుకుని వెళ్ళినవారు వేలకువేలు. కోరంగి రేవు పేరునుబట్టి బర్మావారు మనవాళ్ళందరినీ "కోరంగీలు" అన్నారు. యానాం పక్కనున్న ఆ చిన్న రేవు పేరు పరదేశంలో ఒక జాతి పేరైపోయింది.

1931 జనాభా లెక్కలనాటికి బర్మాలో భారతీయులు పది లక్షలకు పైబడి ఉన్నారు. రంగూను నగరంలోనైతే సగంకన్న ఎక్కువ మంది మనదేశంవారే. ఓడలనుంచి సరుకు దించేవారు, బియ్యం మిల్లులలో బస్తాలు మోసేవారు, రిక్షాలు లాగేవారు చాలామంది తెలుగువారే. 1930 మే నెలలో మన రేవు కూలీలు సమ్మె చేయగా, వారి స్థానంలో బర్మా కూలీలను పనిలోకి తీసుకున్నారు. సమ్మె తీరి మనవాళ్ళు తిరిగి పనికి వచ్చిన రోజున కొట్లాట రేగి, ఎందరో తెలుగువారు ప్రాణాలు కోల్పోయారు. 1938లో మళ్ళీ అల్లర్లు. ఈ రెండు సంగతులూ మనసులో ఉంచుకుంటేగాని, తరువాత మనవాళ్ళు చేసిన నిర్ణయాలు బోధపడవు.

1941 డిసెంబరు 23, మంగళవారం. పట్టపగలు జపాను విమానాలు రంగూనుమీదికి వచ్చాయి. అంతవరకు బాంబు అంటే ఎరగని జనం వీధులలో నిలబడి, తలలెత్తి వింత చూశారు. చనిపోయినవారిలో చాలామంది అలా చూస్తూ నిలబడినవారే. మరునాడు కాదు, ఆపై రోజు, క్రిస్మసునాడు మరల దాడి. రెండు రోజులలో పోయినవారు వేలలోనే ఉంటారు. రేవు దగ్గర కూలీల బస్తీలు గుడ్డిగా కూలిపోయాయి.

ఇక ఉండడమా, పోవడమా?

ఇప్పుడు మనం నింపాదిగా కుర్చీలో కూర్చుని, "ఇంకా ముందే వచ్చేయవలసింది" అనడం సులువే. కాని ఆనాటి కూలీ స్థితి చూడండి. మేస్త్రీ దగ్గర అప్పు తీరలేదు. కూలి బకాయి చేతికి రాలేదు. ఓడ టిక్కెట్టుకు డబ్బున్నా చోటు లేదు. డబ్బున్నవాడికి దొరికిన చోటు లేనివాడికి దొరకలేదు. వేలాదిమంది మూటలు నెత్తిన పెట్టుకుని, ప్రోము రోడ్డున ఉత్తరంగా నడక సాగించారు. ప్రోము అక్కడికి నూట అరవై మైళ్ళు. అప్పుడు సర్కారువారు చెప్పినదేమిటి? రేవు ఆగిపోతే యుద్ధ సామగ్రి దిగదు, కనుక తిరిగి రండి, మీకు రక్షణ ఉంటుంది అని. ఆ మాట నమ్మి దారిలోనుంచి వెనుదిరిగినవారు ఎందరో. వారిని తప్పుపట్టడానికి మాకు నోరు రాదు. పొట్టకూటికి వెళ్ళినవాడు కూలి దొరుకుతుందంటే వెనక్కి తిరగడా? అయినా ఒక మాట అనక తప్పదు: నెత్తిన మూట మోసేవాడు లేనిదే ఒక మహానగరం నిలవదని సర్కారుకు ఆ రోజున తెలిసివచ్చింది, తెలిసిన తరువాత వారికోసం ఓడలు సిద్ధం చేయవలసింది. చేసినవి చాలలేదు.

కొందరు ఇల్లాలినీ పిల్లలనూ ఓడ ఎక్కించి తాము ఆగిపోయారు. కొందరు చస్తే అందరం ఒకచోటనే అని కలిసి నడిచారు. ఏది వివేకమో ఎవరు చెప్పగలరు? బంగారం నలుసు చీర మడతలో కుట్టుకున్నామనీ, కంచు చెంబు మాత్రం వదలలేదనీ చెప్పిన ముసలమ్మలను మేము చిన్నతనంలో చూశాము. ఆ చెంబు మాట విన్నప్పుడు నవ్వుకునేవాళ్ళం. దారి సంగతి తెలిశాక నవ్వు రాలేదు. ప్రోము దగ్గర ఐరావతీ నది దాటి, అరకాను కొండలమీదుగా టౌంగప్ చేరే నూరుమైళ్ళ పైచిలుకు బాటలో నీళ్ళే కరువు. కలరా పుట్టింది. చెంబెడు నీళ్ళు మోసుకోగలిగినవాడిదే అదృష్టం. టౌంగప్ చేరినవారు పడవలలో అక్యాబుకు, అక్కడినుంచి చిట్టగాంగుకు వెళ్ళారు.

1942 ఫిబ్రవరి 20న గాని రంగూను ఖాళీ చేయమని ఉత్తరువు కాలేదు. మార్చి 8న నగరం జపానువారి వశమైంది. ఆ తరువాత మిగిలినది మండలే మీదుగా తాము, పాలేలు, ఇంఫాలు దారి. దిమాపూరు చేరితేగాని రైలు లేదు. ఆ దారిలోనూ తెల్లవారికొక ఏర్పాటు, నల్లవారికొక ఏర్పాటు. హృదయనాథ్ కుంజ్రూ వంటి పెద్దలు స్వయంగా వెళ్ళి చూసివచ్చి, ఈ పక్షపాతాన్ని దేశానికి తెలియజేశారు. మే నెలలో వానలు పట్టుకోగా, వెనుకబడినవారి గతి చెప్పనలవి కాదు. ఆ ఏడాది మొత్తంమీద నాలుగైదు లక్షలమంది ఇండియా చేరారని అంచనా. దారిలో రాలిపోయినవారి లెక్క ఎవరూ సరిగా రాయలేదు.

ఓడలో ముందుగా ఇల్లు చేరినవారికైనా నెమ్మది ఎక్కడ? చిత్రభాను ఉగాది వెళ్ళిన మూడు వారాలకే, 1942 ఏప్రిల్ 6న, విశాఖపట్నంమీదా కాకినాడమీదా జపాను బాంబులు పడ్డాయి. బాంబుకు వెరచి రంగం విడిచి వచ్చినవాడు మరల మూట కట్టుకుని లోపలి పల్లెలకు పోవలసివచ్చింది. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయమే గుంటూరుకు తరలిపోయింది.

యుద్ధం ముగిశాక కొందరు మరల ఓడ ఎక్కారు. అక్కడ వదిలివచ్చిన ఇల్లు, బాకీలు, కొట్టు ఉన్నాయి కదా! 1964లో బర్మాలో దుకాణాలు జాతీయమైనప్పుడు వారూ, వారి పిల్లలూ చేతులు ఊపుకుంటూ తిరిగివచ్చారు. విశాఖలో వారు దిగిన తావు ఒకటి ఇప్పటికీ బర్మా క్యాంపు అనే పిలువబడుతున్నది. మన గోపాల్‌పూర్‌లో ఓడలు ఆగిన పాత రేవు గోడలు ఇసుకలో కొంత మిగిలాయి. ఈ ఉగాది సెలవులలో పిల్లలను తీసుకుని అక్కడికి వెళ్ళేవారు, మీ ఇంట్లో రంగం వెళ్ళినవారి పేర్లు తెలిసినంతవరకు వారికి చెప్పండి. రాసి మాకు పంపితే, వచ్చే ఏటి సంచికలో అచ్చువేస్తాము.