కొండెక్కిన రేడియో

బొమ్మనహళ్ళిలో అపార్ట్‌మెంటు టెర్రస్ మీద ఇరవై మీటర్ల తీగ కట్టుకోవాలంటే ముందు అసోసియేషన్ సెక్రటరీని ఒప్పించాలి. ఆయన సరేనన్నా కష్టం తీరదు. రిసీవర్ ఆన్ చేస్తే మనిషి గొంతు కంటే ముందు గురగుర వినిపిస్తుంది. ఎల్‌ఈడీ బల్బులు, ఇన్వర్టర్లు, ఫోన్ చార్జర్లు, లిఫ్టు మోటార్లు అన్నీ కలిసి చేసే రొద అది. ఈ శివారు పురపాలిక 2007లో బెంగళూరు మహానగర పాలికెలో కలిసింది. 2010లో దాని నెత్తిన ఎలివేటెడ్ రోడ్డు పడింది, 2025 ఆగస్టులో యెల్లో లైన్ మెట్రో వచ్చింది. హోసూరు రోడ్డు పక్క వీధుల్లో తెలుగు మాటకు కొదవ లేదు గానీ, షార్ట్‌వేవ్ మీద నిశ్శబ్దానికి మాత్రం కరువే. ఇలాంటి చోట ఉంటూ లైసెన్సుతో సరదాకి రేడియో నడిపే హామ్‌కి మిగిలిన దారి ఒకటే: సెట్టు సంచీలో పెట్టుకుని కొండెక్కడం.

బెంగళూరు చుట్టూ కొండలకేం తక్కువ! నంది కొండ సముద్రమట్టానికి 1,478 మీటర్ల ఎత్తున ఉంటుంది, చుట్టుపక్కల నేల తొమ్మిది వందల చిల్లర. వీహెచ్‌ఎఫ్ తరంగాలు కంటిచూపు ఆనే మేర కంటే కొంచెం అవతలికి పోతాయి. ఐదు వందల మీటర్ల ఎత్తు నుంచి లెక్క కడితే తొంభై కిలోమీటర్ల పైచిలుకు దూరం వస్తుంది. నగరం అరవై కిలోమీటర్ల లోపే. ఇంటి నుంచి నాలుగు వీధులు దాటడానికి ఆపసోపాలు పడే ఐదు వాట్ల చేతి సెట్టు అక్కడ ఊరంతా మాట్లాడుతుంది.

అయితే ఈ సరదా నిన్న మొన్నటిది. కొండలు ఎప్పుడూ ఉన్నవే, మోయగలిగిన సెట్టే లేదు.

మన దేశంలో తొలి హామ్ లైసెన్సు 1921లో అమరేంద్ర చంద్ర గుప్తకి దక్కింది. 1935లో మైసూరులో మహారాజా కాలేజీ మనస్తత్వశాస్త్ర ఆచార్యుడు ఎం.వి. గోపాలస్వామి తన ఇంట్లోనే ట్రాన్స్‌మిటర్ పెట్టి ప్రసారాలు మొదలుపెట్టారు. ఆకాశవాణి అన్న పేరు అక్కడిదే. ఆ కాలంలో రేడియో స్టేషన్ అంటే గదిలో పాతుకుపోయిన సామాను. వాల్వులు, ఇనుప ట్రాన్స్‌ఫార్మర్లు, వాటికి వందల వోల్టుల విద్యుత్తు. రెండో ప్రపంచ యుద్ధం రాగానే ప్రభుత్వం లైసెన్సులు ఆపేసి, ట్రాన్స్‌మిటర్లను పోలీసులకు అప్పగించమంది. 1942 ఆగస్టు నుంచి ఉషా మెహతా బృందం బొంబాయిలో కాంగ్రెస్ రేడియో నడిపినప్పుడు, నరిమన్ ప్రింటర్, బాబ్ తన్నా లాంటి హామ్‌లే దానికి సాంకేతిక సాయం చేశారు. పట్టుబడకుండా ఉండేందుకు స్టేషన్‌ని ఒక ఇంటి నుంచి మరో ఇంటికి మార్చుకుంటూ పోయారు. నవంబరులో అరెస్టులు జరిగాయి. ఆ రోజుల్లో సెట్టు మోసుకు తిరగడానికి ఉన్న కారణం అదీ.

స్వాతంత్ర్యం తర్వాత 1948 మే 15న మౌలోని సైనిక సిగ్నల్స్ పాఠశాలలో హామ్‌ల సంఘం పుట్టింది. 1970 నాటికి దేశం మొత్తం మీద హామ్‌లు వెయ్యికి లోపే. వాళ్ళ చేతుల్లో ఉన్నవి ఎక్కువగా సైన్యం అమ్మేసిన పాత వాల్వు సెట్లు. వాటిని మేడ మీదికి ఎక్కించడానికే ఇద్దరు మనుషులు కావాలి.

అందుకే అప్పట్లో పర్వతాలకీ హామ్‌లకీ ఉన్న చుట్టరికం దూరపుది. ఎక్కేవాళ్ళు పైన, హామ్ కింద. కాఠ్మండు దగ్గర గోదావరి అనే ఊళ్ళో (పేరు మనదే, నది మాత్రం కాదు) 1951లో సెయింట్ జేవియర్ బడి పెట్టిన అమెరికన్ జెసూట్ ఫాదర్ మార్షల్ మోరన్ దీనికి మంచి ఉదాహరణ. 9ఎన్1ఎంఎం అన్న కాల్‌సైన్‌తో ఆయన చాలా ఏళ్ళు నేపాల్ మొత్తానికి ఒక్కడే హామ్. హిమాలయాలు ఎక్కవచ్చిన బృందాల కబుర్లు బయటి ప్రపంచానికి అందించేవారు. ఆ దేశంతో మాట్లాడాలని ఆశపడ్డ ప్రపంచ హామ్‌లందరికీ ఆయన గొంతే దిక్కు.

ట్రాన్సిస్టర్లు వచ్చి బరువు దించాయి. 2001 ప్రాంతంలో జపాన్ కంపెనీ యాయెసు తెచ్చిన ఎఫ్‌టీ-817 షార్ట్‌వేవ్ నుంచి యూహెచ్‌ఎఫ్ దాకా పనిచేసే ఐదు వాట్ల సెట్టు. బరువు కిలో పైచిలుకు. 2002 మార్చి 2న ఇంగ్లండ్, వేల్స్‌లలో కొండెక్కి మాట్లాడే ఆట 'సమ్మిట్స్ ఆన్ ది ఎయిర్' మొదలైంది. ముహూర్తం ఇంత చక్కగా కుదరడం కేవలం యాదృచ్ఛికం అనుకోవడం కష్టం. దాని నియమాల్లో పెద్దమనిషి తరహా పట్టుదల కనిపిస్తుంది. శిఖరానికి ఇరవై ఐదు మీటర్ల ఎత్తు తేడా లోపలే కూర్చోవాలి. సామానంతా మనిషే మోయాలి. కారులోంచి మాట్లాడితే చెల్లదు, పెట్రోలు జనరేటరు వాడకూడదు. పాయింట్లు రావాలంటే కనీసం నాలుగు స్టేషన్లతో మాట్లాడాలి. వెయ్యి పాయింట్లు కూడబెట్టినవాడికి 'మౌంటెన్ గోట్' బిరుదు. ఇంట్లో కుర్చీ కదలకుండా కొండల మీదివాళ్ళని పట్టుకుంటూ వెయ్యి చేరినవాడికి 'షాక్ స్లాత్'. బద్ధకానికి కూడా బిరుదు ఇచ్చే ఆట ఇంకోటి ఉండదు.

ఈ కథలో తెలుగునాడు వాటా హైదరాబాదుది. విదేశీ సెట్టు కొనలేని హామ్ బజారులో దొరికే సరుకుతోనే మాటలు పంపే ఎస్‌ఎస్‌బీ సెట్టు చేసుకోగలగాలన్నది అష్హర్ ఫర్హాన్ (వీయూ2ఈఎస్ఈ) పట్టుదల. 2000ల తొలి సగంలో ఆయన బిట్‌ఎక్స్20 డిజైను బయటపెట్టారు. కాయిళ్ళు చుట్టడానికి దిగుమతి టొరాయిడ్లు దొరక్కపోతే కుళాయిలో వేసే ప్లాస్టిక్ వాషర్లు చాలన్నారు. ఫిల్టరుకు చవకైన 10 మెగాహెర్ట్జ్ క్రిస్టళ్ళు, ఆఖరి దశలో స్విచింగ్ పనులకు తయారయ్యే ఐఆర్‌ఎఫ్510. అసలు కిటుకు వేరే ఉంది. వినడానికీ మాట్లాడడానికీ విడివిడి సర్క్యూట్లు లేకుండా, అవే ఆంప్లిఫయర్లు రెండు దిక్కులా పనిచేస్తాయి. భాగాలు తగ్గితే ఖర్చు తగ్గుతుంది, దాంతోపాటే బరువూ. 2016లో 7 మెగాహెర్ట్జ్ మీద ఏడు వాట్లిచ్చే బిట్‌ఎక్స్40 బోర్డు, మరుసటి ఏడు చివర్లో మైక్రోబిట్‌ఎక్స్ వచ్చాయి. ఈ బోర్డుల కాయిళ్ళు చుట్టింది హైదరాబాదు ఆడవాళ్ళ బృందం. ఏ దేశపు కొండ మీదో ఒక హామ్ సంచీలోంచి తీసే చవక సెట్టులో వాళ్ళ చేతి పని ఉండవచ్చు.

తేలిక సెట్టు సరదాకే పనికొస్తుందనుకుంటే పొరపాటు. హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ బృందం 2004 డిసెంబరులో అండమాన్ వెళ్ళింది, ఆ దీవుల నుంచి ప్రపంచ హామ్‌లతో మాట్లాడే వేడుక కోసమే. 26న సునామీ రాగానే ఆ సెట్లే పోర్ట్‌బ్లెయిర్ నుంచి క్షేమ సమాచారాలు మోశాయి.

మళ్ళీ బెంగళూరుకి వస్తే, సావనదుర్గ లాంటి ఏకశిల ఎక్కినవాళ్ళకి చిక్కు బరువుతో కాదు, తీగతో. 7 మెగాహెర్ట్జ్ డైపోల్‌కి అటు పది మీటర్లు, ఇటు పది మీటర్లు తీగ కావాలి. నున్నటి బండ మీద మేకు దిగదు, కట్టడానికి అన్నిచోట్లా చెట్టుండదు. అందుకని ఒకదాన్లోంచి ఒకటి బయటికి లాగే చేపల గాలం కర్ర తీసుకెళతారు. దాన్ని పగుల్లో దూర్చి, మొదలు చుట్టూ రాళ్ళు పేర్చి, కొస నుంచి తీగని తలకిందుల 'వి'లా దించుతారు. గాలి గట్టిగా వీస్తే ఒకరు కర్ర పట్టుకోవాలి, ఇంకొకరు లాగ్ రాసుకోవాలి. నంది పక్కనున్న స్కందగిరికైతే అటవీశాఖ దగ్గర ముందుగా ఆన్‌లైన్లో టికెట్టు తీసుకోవాలి. దానికితోడు మన లైసెన్సు కాయితంలో స్టేషన్ చిరునామా రాసి ఉంటుంది. ఇల్లు వదిలి మాట్లాడదలచినవాళ్ళు ముందు ఆ షరతులు చదువుకోవడం మంచిది.

ఫర్హాన్ బృందం ఆ తర్వాత రాస్ప్‌బెర్రీ పై కంప్యూటరుతో నడిచే ఎస్‌బిట్‌ఎక్స్ చేసింది. దాని శక్తి ఎక్కువ, బ్యాటరీ ఆకలీ ఎక్కువే. ఇంటి బల్ల మీదికి బాగుంటుంది. 2025లో అదే పద్ధతిని చిన్న పై జీరో బోర్డులోకి కుదించి, చేతిలో పట్టేలా జీబిట్‌ఎక్స్ తెచ్చారు.