టాప్: అగ్రతాంబూలపు మాట

యూనిక్స్ వంశమునకు చెందిన కంప్యూటరునందు నల్లని తెరపై ‘టాప్’ అని టైపుచేసి ఎంటర్ నొక్కినంతనే, ఆ క్షణమున నడచుచున్న ప్రక్రియలు, తాము భుజించుచున్న ప్రాసెసరు కాలమును, ఆక్రమించిన మెమరీని చాటుకొనుచు, ఆకలి ననుసరించి వరుసదీరి నిలుచును. ఆంగ్లమున పైభాగమను సామాన్యార్థము గల యీ మాట ఆజ్ఞగా మారుటకు కారకుడు విలియం లెఫెవర్; 1984లో ఈ సాధనమును రచించుచు ఆయన, వీఎంఎస్ అను వేరొక నిర్వహణ వ్యవస్థలో ప్రాసెసరును మిక్కిలిగా వాడుకొను ప్రక్రియలను చూపు ‘మానిటర్ ప్రాసెస్/టాప్‌సీపీయూ’ అను ఆదేశమునుండి స్ఫూర్తి గొని, అందలి ఒక్క ముక్కను మాత్రము నిలుపుకొనెను.

అనంతరము బ్రెజిల్ దేశీయుడగు హిషామ్ ముహమ్మద్ తన పేరులోని ఆంగ్లపు తొలియక్షరమును దీనికి ముందు చేర్చి, రంగులతో శోభిల్లు ‘హెచ్‌టాప్’ను వెలయించెను. నేడు ‘టాప్’ ఇంటిపేరువలె స్థిరపడి, డిస్కుపై రాకపోకలను చూపు ‘ఐఓటాప్’ మొదలగు సంతానమునకును సంక్రమించినది.

మన సభలలో అగ్రతాంబూలము యోగ్యునకు దక్కును. ఇచ్చటి అగ్రాసనము మాత్రము మిక్కిలి మేయువానిది. పైగా, చూచువాడు విసిగి ‘కే’ మీట నొక్కెనేని, ఆ ప్రక్రియకు లభించునది సత్కారము గాదు, సంహారమే.