ఆ వానలో సిల్వీ ఎక్కడుంది?

కథ, కులం, చరిత్ర: 9వ భాగం

తెలుగు ఎం.ఏ. చదివినవాళ్లకి ఉద్దీపన విభావం గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. వెన్నెల, పిల్లగాలి, మబ్బు, కోయిల కూత కలిసి నాయికా నాయకుల మనసులో ఉన్న రతిని రగిలించాలి. ప్రబంధాల్లోని ఈ ఏర్పాటే సినిమాలో వానపాట అయింది, ఆధునిక కథలో ప్రతీక అయింది. పాత్ర నోటితో చెప్పలేనిదాన్ని ఉరుము చేత చెప్పిస్తారు. వర్షం ఇక్కడ అణచుకున్న కోరికకు ప్రతీక అని రాస్తే పరీక్షలో మార్కులు పడతాయి. నేనూ వేస్తాను. కానీ ఆ వాక్యం తర్వాత అడగాల్సిన ప్రశ్న ఒకటి మిగిలిపోతోంది. వాన చాటున కోరికను దాచుకునే వీలు ఎవరికి ఉంది?

జవాబు కోసం అమెరికా దక్షిణాది కథలు మూడు తీసుకుంటున్నాను. 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ తమ పేరును బ్లాక్ పాంథర్స్ నుంచే తీసుకున్నారు. కాబట్టి ఈ చుట్టరికం నేను కొత్తగా కలుపుతున్నది కాదు.

మొదటిది కేట్ షోపాన్ 1898 జూలైలో రాసిన 'ది స్టార్మ్'. లూసియానాలో ఒక పల్లె. భర్త బోబినో, నాలుగేళ్ల కొడుకు బీబీ వానకి కొట్లో చిక్కుకుపోతారు. ఇంట్లో కాలిక్స్టా కుట్టుమిషన్ ముందు కూర్చుని ఉంటుంది. ఉక్కపోస్తోందని మెడ దగ్గర గుండీ వదులు చేసుకుంటుంది తప్ప, మబ్బు కమ్మిన సంగతి గమనించదు. వసారాలో ఆరేసిన బట్టలు తీయడానికి బయటికి వస్తే ఎదురుగా గుర్రం మీద అల్సే. పెళ్లికి ముందు ఆమె మనసుపడ్డ తోటల యజమాని. వాన తగ్గేదాకా అని లోపలికి వస్తాడు. ఎదుటి తురకవేప చెట్టు మీద పిడుగు పడుతుంది. ఆమె ఉలిక్కిపడి వెనక్కి తూలితే అతను పట్టుకుంటాడు. అక్కడి నుంచి ఇద్దరి కోరికా ఉరుములతో కలిసి నడుస్తుంది. వాళ్లు నెమ్మదించేసరికి వానా నెమ్మదిస్తుంది. ఎండ కాస్తుంది, అతను వెళ్లిపోతాడు. భర్త బురద కాళ్లతో, రొయ్యల డబ్బాతో వస్తాడు. ఆమె నవ్వుతూ ఎదురెళ్తుంది. ఎవరికీ శిక్ష పడదు. అందరూ సంతోషంగానే ఉంటారు.

పెళ్లైన స్త్రీ కోరికను 1898లో తప్పు పట్టకుండా రాయడం మామూలు విషయం కాదు. షోపాన్ ఈ కథను ఏ పత్రికకూ పంపలేదు. 1904లో ఆమె చనిపోయింది. నార్వే పండితుడు పేర్ సేయర్‌స్టెడ్ ఆమె సమగ్ర రచనలు తెచ్చిన 1969లో గానీ ఇది అచ్చు కాలేదు. ఆ ధైర్యాన్ని నేను తక్కువ చెయ్యను.

అయితే కథ మొదట్లో ఒక పేరు వినిపిస్తుంది. అమ్మ భయపడుతుందేమో అని కొట్లో బీబీ అంటాడు. సాయానికి సిల్వీ వచ్చి ఉంటుందిలే అని తండ్రి సర్దిచెప్తాడు. సిల్వీ వచ్చింది నిన్న కదా అంటాడు పిల్లాడు. అంతే, సిల్వీ మళ్లీ కనపడదు. ఆమె రంగేమిటో, ఇల్లెక్కడో కథ చెప్పదు. సిల్వీ ఆరోజు పనికి వచ్చి ఉంటే మాత్రం ఈ కథ జరగదు. పనిమనిషి రాని రోజునే ఇంటామెకి ఏకాంతం దొరికింది. కాలిక్స్టా ఇంటి పైకప్పు మీద పడిన వాన శృంగారమైంది. అదే వాన సిల్వీ ఇంటి మీద పడితే ఏమయ్యేదో వాడల్లో పెరిగిన మనకి ఒకరు చెప్పాలా? గిన్నెలు, తట్టలు కారే చోటల్లా పెట్టుకుని రాత్రంతా కూర్చున్నవాళ్లం.

ఇప్పుడు కథ బయటికి వద్దాం. 1898 మేలో, ఈ కథ రాయడానికి రెండు నెలల ముందు, లూసియానా కొత్త రాజ్యాంగం రాసుకుంది. ఓటుకి చదువైనా, ఆస్తైనా ఉండాలని షరతు పెట్టింది. తండ్రో తాతో 1867కి ముందు ఓటరైతే ఆ షరతు వర్తించదని మినహాయింపు ఇచ్చింది. అప్పటికి అక్కడి నల్లవాళ్లు బానిసత్వం నుంచి బయటపడి రెండేళ్లే. వాళ్ల తాతలకి ఓటెక్కడిది? 1896లో లక్షా 30 వేలకు పైగా ఉన్న నల్లజాతి ఓటర్లు 1900 నాటికి సుమారు 5 వేలకి పడిపోయారు. 1894లోనే నల్లవాళ్లకీ తెల్లవాళ్లకీ మధ్య పెళ్లిని ఆ రాష్ట్రం నిషేధించింది. షోపాన్ భర్త ఆస్కర్ తెల్లవాళ్ల ఆధిపత్యం కోసం పుట్టిన వైట్ లీగ్ సభ్యుడు. 1874లో న్యూ ఆర్లియన్స్‌లో ఆ లీగ్ చేసిన సాయుధ దాడిలో పాల్గొన్నాడు. ఎవరు ఎవరిని కోరుకోవచ్చో చట్టం, తుపాకీ కలిసి తేల్చిన నేల అది. కథలో వాన వెలిసి ఎండ కాసింది, ఇద్దరూ తెల్లవాళ్లు కాబట్టి.

ఆ గీత దాటితే ఆకాశం ఎలా ఉంటుందో జీన్ టూమర్ రాశాడు. 1921లో జార్జియాలోని స్పార్టాలో కొన్ని వారాలు బడి నడిపిన అనుభవం నుంచి 1923లో 'కేన్' పుస్తకం వచ్చింది. అందులో 'బ్లడ్ బర్నింగ్ మూన్' అనే కథ ఉంది. తెల్లవాళ్ల వంటింట్లో పనిచేసే లూయిసాని యజమాని కొడుకు బాబ్, పొలం కూలీ టామ్ ఇద్దరూ కోరుకుంటారు. ఎర్రటి నిండు చంద్రుడు పైకొస్తాడు. మన కావ్యాల్లో విరహాన్ని రగిలించే చంద్రుడే. కానీ ఆ వాడలో ఆడవాళ్లు అతన్ని చూసి కీడని భయపడి పాట ఎత్తుకుంటారు. వాళ్లకి ఆకాశం చదవడం వచ్చు. పోట్లాటలో బాబ్ చస్తాడు. తెల్లగుంపు టామ్‌ని పాత మిల్లులో సజీవంగా కాల్చేస్తుంది. లూయిసా గుమ్మం ముందు కూర్చుని అదే చంద్రుణ్ణి చూస్తుంటుంది.

మూడోది జోరా నీల్ హర్‌స్టన్ 'స్వెట్', అంటే చెమట. 1926లో, ఒకే ఒక్క సంచిక వెలువడిన 'ఫైర్' పత్రికలో వచ్చింది. ఫ్లోరిడాలో తెల్లవాళ్ల మురికి బట్టలు ఉతికే డీలియా కథ. పదిహేనేళ్లుగా కొడుతున్న భర్త, ఆమె రెక్కల కష్టంతో కట్టుకున్న ఇంట్లోకి ఇంకొకామెని తేవాలని చూస్తాడు. మన రోహిణి కార్తె లాంటి ఎండ కథంతా మండుతుంది. ఇక్కడ దాగి ఉన్నది ప్రేమ కాదు, కోపం. ఆమెని భయపెట్టడానికి తెచ్చిన పాము చివరికి అతన్నే కాటేస్తుంది. డీలియా వెళ్లి సాయం చెయ్యదు. పెరుగుతున్న ఎండలో ఒక చెట్టు కింద నిలబడుతుంది. ఆ చెట్టు కూడా తురకవేపే. మన ప్రాంతాల నుంచే అమెరికా వెళ్లిన చెట్టు. షోపాన్ కథలో దాని మీద పడిన పిడుగు ప్రేమికులని కలిపింది. హర్‌స్టన్ కథలో దాని నీడ పనిమనిషికి దక్కింది. ఒక రకంగా సిల్వీ తన కథ తనే చెప్పుకోవడానికి 28 ఏళ్లు పట్టింది.

ఇక మన సంగతి. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో, కులం దాటి పెళ్లి చేసుకున్న మాల యువకుణ్ణి గర్భిణి అయిన భార్య పక్కనుండగానే, ఆసుపత్రి ముందు, పట్టపగలు నరికి చంపారు. ఆ ఇద్దరూ చట్టప్రకారం పెళ్లి చేసుకుని, ఫొటోలు పెట్టుకుని, అందరి ముందు బతికారు. వాళ్లు ఏ వాన చాటూ వెతుక్కోలేదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ప్రతీకలు చదవడం మానెయ్యమని నేను చెప్పట్లేదు. బాగా చదవండి. కథలో వాన మొదలవగానే ఎవరు కప్పు కింద ఉన్నారో, ఎవరు తడుస్తున్నారో, వెలిశాక ఎవరు ప్రాణాలతో ఇంటికి చేరారో లెక్క రాసుకోండి. మీ సిలబస్‌లో ఉన్న కథల్లో సిల్వీలు ఎవరో పేర్లతో సహా కింద రాయండి. పదో భాగం మీరు రాసినవాటి నుంచే మొదలుపెడతాను.

జై భీమ్.