లిబ్రెవిల్‌లో తొమ్మిదో పెనాల్టీ

పోస్టు కొంచెం పెద్దది, తీరిగ్గా చదవండి. రాత్రి అన్నాలు తిన్నాక హాస్టల్ వరండాలో మేం నలుగురం కూర్చుని మాట్లాడుకున్నదే ఇక్కడ పెడుతున్నాం. అందుకే 'మేం' అని రాస్తున్నాం.

పోయిన డిసెంబర్లో మా హాస్టల్ జట్టు ఫైనల్ దాకా వెళ్ళి పెనాల్టీల్లో ఓడిపోయింది. ఆఖరి పెనాల్టీ తన్నిన తమ్ముడు రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. అందరం వాడికి ఒకటే చెప్పాం: "ఒరేయ్, పెనాల్టీలంటే లాటరీరా, మన చేతుల్లో ఏముంది." వాడు నమ్మలేదు. నిజం చెప్పాలంటే మేమూ నమ్మి చెప్పలేదు. ఆ మాట మీద వాదన మొదలై, ఫోన్లలో పాత మ్యాచ్‌లు వెతుక్కుంటూ వెతుక్కుంటూ జాంబియా దగ్గర ఆగిపోయాం.

2012 ఫిబ్రవరి 12. ఆఫ్రికా దేశాల కప్ ఫైనల్. గాబన్ దేశ రాజధాని లిబ్రెవిల్. ఒకవైపు ఐవరీ కోస్ట్: ద్రోగ్బా, టూరే అన్నదమ్ములు, జెర్విన్యో, అందరూ యూరప్ పెద్ద క్లబ్బుల ఆటగాళ్ళు. ఆ టోర్నమెంట్ మొత్తంలో వాళ్ళ మీద ఒక్క గోల్ కూడా పడలేదు. రెండోవైపు జాంబియా. చాలామంది ఆఫ్రికాలోని క్లబ్బుల్లోనే ఆడేవాళ్ళు. గోలీ కెన్నెడీ మ్వీనే దక్షిణాఫ్రికాలో, ఇద్దరు ముగ్గురు పక్కనే ఉన్న కాంగోలో. కెప్టెన్ క్రిస్టఫర్ కటోంగో వాళ్ళ దేశ సైన్యంలో ఉద్యోగి. అంటే ఫైనల్ మొదలవకముందే ఎవరు గెలుస్తారో లోకమంతా రాసేసుకుంది.

కానీ ఆ ఊళ్ళో ఎందుకు ఆడుతున్నారో తెలియాలంటే 19 ఏళ్ళు వెనక్కి పోవాలి.

1993 ఏప్రిల్ 25న జాంబియా జట్టు మారిషస్‌లో 3-0తో గెలిచింది. వెంటనే సెనెగల్‌లో ప్రపంచకప్ అర్హత మ్యాచ్ ఉంది. ఖండానికి ఈ మూల నుంచి ఆ మూలకు పోవాలి. మామూలు విమానాలకు టికెట్లు కొనే డబ్బు లేక, వాళ్ళని వైమానిక దళం వాళ్ళ బఫెలో విమానంలో పంపించారు. అది సైన్యం సామాన్లు మోసే రకం, రెండు ఇంజన్లది. అంత దూరం ఒక్క దెబ్బలో ఎగరలేదు. కాంగోలో ఆగాలి, గాబన్‌లో ఆగాలి, ఐవరీ కోస్ట్‌లో ఆగాలి, ప్రతిచోటా ఇంధనం నింపుకోవాలి. మన ఊళ్ళకు వెళ్ళే బస్సు ఆగినట్టే. అప్పటికి కొన్ని నెలలు వాడకుండా పక్కన పెట్టిన విమానం అది. మొదటి మజిలీ బ్రజవిల్‌లోనే ఇంజన్ తేడా కనిపించిందంట. అయినా ముందుకే వెళ్ళారు. ఏప్రిల్ 27న లిబ్రెవిల్‌లో నింపుకుని పైకి లేచిన కాసేపటికే సముద్రంలో పడిపోయింది. 30 మంది ఉన్నారు, 30 మందీ పోయారు. అందులో 18 మంది ఆటగాళ్ళు. కోచ్ గాడ్‌ఫ్రే చితాలు ఆ దేశానికి ఒకప్పటి గొప్ప ఆటగాడు, ఆయనా పోయాడు. గోలీ ఎఫర్డ్ చబాలా పోయాడు. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో ఇటలీని 4-0తో కొట్టిన జట్టులో ఆడినవాళ్ళూ అందులో ఉన్నారు.

ఇటలీ మీద ఆ నాలుగులో మూడు గోల్స్ కొట్టిన కలుషా బ్వాల్యా మాత్రం విమానంలో లేడు. అప్పుడు అతను నెదర్లాండ్స్‌లో ఆడుతున్నాడు, అక్కణ్ణించి నేరుగా సెనెగల్ రావాలి. అందుకే బతికాడు.

దర్యాప్తు నివేదిక బయటికి రావడానికి పదేళ్ళు పట్టింది. 2003లో వచ్చింది. ఎడమ ఇంజన్ మండితే పైలట్ పొరపాటున కుడి ఇంజన్ ఆపేశాడని అందులో ఉంది. హెచ్చరిక దీపం సరిగా పని చేయలేదని, పైలట్ అలసిపోయి ఉన్నాడని కూడా ఉంది. అలసిపోడా మరి? మారిషస్ నుంచి జట్టుని వెనక్కి తీసుకొచ్చింది కూడా అతనే. ఇక్కడ మాకు బాగా కోపం వచ్చింది. 'పైలట్ తప్పు' అని రాస్తే కాగితం మీద పని అయిపోతుంది. ఆ విమానాన్ని మూలనుంచి తీసి, అలసిన మనిషిని కూర్చోబెట్టి, దేశంలోని మంచి ఆటగాళ్ళందర్నీ ఒకేసారి అందులో ఎక్కించినవాళ్ళ సంగతి ఏంటి?

డబ్బు ఎందుకు లేదు అనేది ఇంకో కథ, అదీ చెప్పుకోవాలి. జాంబియా రాగి దేశం. జట్టు ముద్దుపేరు చిపొలొపొలొ, అంటే రాగి తూటాలు. ఇంగ్లీషువాళ్ళ పాలనలో రోడ్స్ కంపెనీ భూమిని పట్టుకుంది, తర్వాత గనులు వచ్చాయి, ఊళ్ళ నుంచి మనుషులు గనుల్లోకి పోయారు. 1964 అక్టోబర్ 24న స్వతంత్రం వచ్చింది. గని ఊళ్ళలోనే పెద్ద క్లబ్బులు పుట్టాయి. ముఫులిరా, కిట్వే లాంటి చోట్ల గని కంపెనీయే జట్టుని పోషించేది. ఆటగాడికి గనిలో ఉద్యోగం, సాయంత్రం ప్రాక్టీసు. సింగరేణి ఊళ్ళ నుంచి వచ్చిన మన హాస్టల్ వాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. కలుషా పుట్టింది కూడా ముఫులిరాలోనే. 1970ల మధ్యలో ప్రపంచంలో రాగి ధర పడిపోయింది. దాంతోపాటు దేశం అప్పుల్లో పడింది. భూమి లోపలంతా రాగి, పైన జట్టుకి విమానం టికెట్ లేదు. మా గదిలో ఒకడు వెంటనే అన్నాడు, "మన కొండల కింద కూడా చాలా ఉన్నాయంట కదా." ఎవరం ఏమీ మాట్లాడలేదు.

ఇంకో మాట. ఆ దేశంలో 70కి పైగా తెగలు ఉన్నాయి: బెంబా, టోంగా, లోజి, ఇంకా ఎన్నో. మొదటి అధ్యక్షుడు కెన్నెత్ కౌండా 'ఒకే జాంబియా, ఒకే జాతి' అనే నినాదం పెట్టాడు. నినాదాలు ఎవరైనా పెడతారు గానీ, జెర్సీ వేసుకున్నాక మాత్రం అది నిజంగానే అలా కనిపించేదేమో. మా డార్మెటరీలో కోయ, కొండరెడ్డి, గోండు, లంబాడీ పిల్లలం కలిసి ఉంటాం. కొట్లాటలూ ఉంటాయి. గ్రౌండ్‌లో మాత్రం బాల్ ఎవడి కాలి దగ్గరుంటే వాడి పేరే అరుస్తాం.

చనిపోయినవాళ్ళని లుసాకాలో స్టేడియం పక్కనే పాతిపెట్టారు. ఆ చోటుని వీరుల తోట అనుకోవచ్చు. కొత్త జట్టు కట్టాలి. ఎక్కడెక్కడి కుర్రాళ్ళనో పోగేశారు. డెన్మార్క్ వాళ్ళు పిలిచి కొన్ని వారాలు శిక్షణ ఇచ్చారు. కలుషా కెప్టెన్. ఆ ఏడాది జూలై 4న లుసాకాలో మొరాకోని 2-1తో ఓడించారు. ఇంకొక్క డ్రా చేసుకుంటే ప్రపంచకప్‌కి పోయేవాళ్ళు. మొరాకో వెళ్ళి 1-0తో ఓడారు. ఒక్క పాయింట్‌లో పోయింది. 1994 ఏప్రిల్‌లో, అంటే ఏడాది కూడా తిరగకముందే, ఆఫ్రికా కప్ ఫైనల్ దాకా వచ్చారు. లితానా ఆట మొదట్లోనే గోల్ కొట్టాడు. తర్వాత నైజీరియా అమునికె రెండు కొట్టాడు. అదీ పోయింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు అంత దూరం రాలేదు.

ఇప్పుడు 2012కి వద్దాం. ఆ టోర్నమెంట్‌ని గాబన్, ఈక్వటోరియల్ గినీ కలిసి పెట్టాయి. జాంబియా మ్యాచ్‌లన్నీ గినీలోనే పడ్డాయి. లిబ్రెవిల్‌లో అడుగు పెట్టాలంటే ఫైనల్‌కి రావడం ఒక్కటే దారి. మొదటి మ్యాచ్‌లో సెనెగల్‌ని 2-1తో కొట్టారు. 1993లో వాళ్ళు ఆడటానికి బయల్దేరింది ఆ సెనెగల్‌తోనే. సెమీఫైనల్లో ఘనా గ్యాన్ కొట్టిన పెనాల్టీని మ్వీనే ఆపాడు, మయుకా ఒక గోల్ కొట్టాడు, 1-0. లిబ్రెవిల్ చేరాక ఆటగాళ్ళందరూ సముద్రం ఒడ్డుకి వెళ్ళి పూలు వేశారు. వాళ్ళతో కలుషా ఉన్నాడు, అప్పటికి అతను వాళ్ళ ఫుట్‌బాల్ సంఘం అధ్యక్షుడు. ఆ కుర్రాళ్ళలో చాలామంది 1993లో బడి పిల్లలు.

ఫైనల్ ఆట గొప్పగా ఏం లేదు, చూసినవాళ్ళకి తెలుస్తుంది. మొదట్లోనే జోసెఫ్ ముసోండాకి దెబ్బ తగిలి ఏడుస్తూ బయటికి వెళ్ళిపోయాడు. 70వ నిమిషంలో ఐవరీ కోస్ట్‌కి పెనాల్టీ. ద్రోగ్బా తన్నాడు, బార్ పైనుంచి పోయింది. 120 నిమిషాలు అయ్యాయి, 0-0.

షూటౌట్ మొదలైంది. ముందు ఐవరీ కోస్ట్, వెనక జాంబియా. వాళ్ళు కొట్టారు, వీళ్ళు కొట్టారు. మూడోది బాంబా తన్నితే మ్వీనే ఆపేశాడు! కానీ ముందే లైను దాటాడని రిఫరీ మళ్ళీ కొట్టించాడు. రెండోసారి పడింది. ఆ క్షణంలో ఏ జట్టయినా నీరుగారిపోతుంది. ఐదోది ఐవరీ కోస్ట్ తరఫున ద్రోగ్బా, ఈసారి తప్పలేదు. జాంబియా తరఫున ఐదోది ఎవరు తన్నాలి? గోలీ మ్వీనేనే వచ్చాడు, కొట్టాడు. 5-5. తర్వాత 6-6, 7-7. మిగతా ఆటగాళ్ళు భుజాలు పట్టుకుని పాడుతున్నారు. వీడియోలో వాళ్ళ నోళ్ళు కదలడం కనిపిస్తుంది. మన దగ్గర కొలుపుల్లో అందరూ ఒక్కటై నిలబడి పాడినట్టే అనిపించింది మాకు.

ఎనిమిదోది కోలో టూరే. మ్వీనే ఆపాడు. ఇక కొడితే కప్పే. కలాబా వచ్చి బార్ పైకి తన్నాడు. అయ్యో అని మేం అందరం ఒకేసారి అరిచాం, ఎప్పుడో అయిపోయిన మ్యాచ్ అని తెలిసి కూడా. తొమ్మిదోది జెర్విన్యో. అదీ పైకే. అప్పుడు వచ్చాడు స్టొపిలా సున్జు. డిఫెండర్, కుర్రాడు. కొట్టాడు. 8-7.

రెండు జట్లవి కలిపి 18 పెనాల్టీలు, చనిపోయిన ఆటగాళ్ళు 18 మంది. ఈ లెక్క చాలామంది చెప్తారు. బాంబా మళ్ళీ కొట్టినదాన్ని కూడా కలిపితే 19, అప్పుడు 19 ఏళ్ళు అని చెప్పొచ్చు. లెక్కలతో ఆడుకుంటే ఏదో ఒకటి కుదురుతుంది, దాన్ని పట్టుకుని మేం ఏమీ అనం.

దీన్ని 'అద్భుతం' అనడమే మాకు నచ్చలేదు. అద్భుతం అంటే పైనుంచి ఊడిపడినట్టు. మ్వీనే నాలుగు రోజుల ముందే ఘనా పెనాల్టీ ఆపాడు కదా. 2010లో ఇదే కోచ్ ఎర్వే రెనార్డ్ ఉన్నప్పుడు జాంబియా క్వార్టర్ ఫైనల్లో నైజీరియా చేతిలో పెనాల్టీల్లోనే ఓడింది. ఓడినవాళ్ళే మళ్ళీ వచ్చి నిలబడ్డారు. ఐవరీ కోస్ట్ సంగతీ అంతే. 1992లో ఘనా మీద 11-10తో పెనాల్టీల్లో కప్పు గెలిచారు, 2006 ఫైనల్లో ఈజిప్ట్ చేతిలో పెనాల్టీల్లో పోగొట్టుకున్నారు, 2012లో మళ్ళీ పోయింది. 2015లో మళ్ళీ ఫైనల్, మళ్ళీ ఘనా, మళ్ళీ 0-0, మళ్ళీ పెనాల్టీలు. 9-8తో గెలిచారు. ఆఖరి పెనాల్టీ ఆపిందీ, వెంటనే తన్ని గెలిపించిందీ ఒక్కడే, గోలీ బారీ. లిబ్రెవిల్‌లో సున్జు తన్నింది అతని మీదే. కోచ్ ఎవరనుకున్నారు? రెనార్డే. లాటరీ అయితే అందులో తప్పినవాడు మూడేళ్ళు కూర్చుని నేర్చుకునేది ఏముంటుంది?

అద్భుతం అంటే ఇంకో నష్టం కూడా ఉంది. కప్పు వచ్చింది కదా, లెక్క సరిపోయింది అన్నట్టు కథ ముగుస్తుంది. ఆ 30 మంది ఇళ్ళల్లో సరిపోలేదు. విమానం అడిగినవాళ్ళకి ఆ విమానం ఎందుకిచ్చారో చెప్పమని అడిగే హక్కు కప్పుతో తీరిపోదు.

ఆ రాత్రి గెలిచాక రెనార్డ్ చేసిన పని ఒకటుంది. దెబ్బ తగిలి నడవలేక కూర్చున్న జోసెఫ్ ముసోండాని చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఎత్తుకుని, గెంతుతున్న జట్టు మధ్యకి తీసుకెళ్ళాడు. మా తమ్ముడు ఆ ముక్కని నాలుగుసార్లు వెనక్కి తిప్పి చూశాడు. కలాబా తన్నింది పైకి పోయిన ముక్క మాత్రం అంతకన్నా ఎక్కువసార్లు చూశాడు. "అన్నా, వీడూ కప్పు ఎత్తాడా?" అని అడిగాడు. ఎత్తాడని చెప్పాం.

డిసెంబర్లో ఆ ఫైనల్‌కి మేం వెళ్ళింది సామాన్ల ట్రాలీ ఆటోలో. ఘాట్ రోడ్డు మీద 16 మందిమి నిలబడి, తాడు పట్టుకుని వెళ్ళాం. పాటలు పాడుకుంటూ వెళ్ళాం, బాగానే ఉంది, ఏమీ కాలేదు కాబట్టి బాగుంది. ఈసారి ఆటలకి బస్సు కావాలని పోయిన సోమవారం అందరం సంతకాలు పెట్టి కాగితం ఇచ్చాం. మొదటి సంతకం తమ్ముడిదే. జవాబు ఇంకా రాలేదు. మీ హాస్టళ్ళలో ఆటలకి ఎలా తీసుకెళ్తున్నారో కింద రాయండి, అవి కూడా కలిపి ఇంకో కాగితం రాస్తాం.