చిముకుని పేరు

శాతవాహనులకు మూలపురుషుడు శ్రీముఖుడని మేము బడిలో ఎన్నియో యేండ్లు బోధించితిమి. పేరు వినుటకు సొంపైనది, అర్థమును కుదిరినది. అయితే ఆ రాజు తన్ను ఆ పేరున చెప్పుకొన్న సాక్ష్యము మాత్రము కానరాదు.

మా హుజూరాబాదునుండి కరీంనగరము మీదుగా ఉత్తరమునకు పోయినచో, పెద్దవాగు గోదావరిలో కలియు తావున కోటిలింగాల యను గ్రామము కలదు. నేడది జగిత్యాల జిల్లాలోనిది. అచ్చటి కోటదిబ్బలో 1979 ప్రాంతమున త్రవ్వకములు మొదలైనవి. ఆ యూర దొరకిన నాణెములలో గోభదుడు, సమగోపుడు మొదలగు రాజుల వానితోపాటు, బ్రాహ్మీలిపిలో ‘చిముక’ యను పేరు గలవియు నున్నవి. పడమటి కనుమలలోని నానాఘాట్ గుహలో, శిథిలమైన ప్రతిమకు పైన ఆ పేరే ‘సిముక’ యని చెక్కబడినది. రెండును ఒక్కని పేరేయని పెక్కురి మతము. మాకును అదియే సమ్మతము. నాణెము రాజు కొట్టించునది. దానిని తరువాతి లేఖకుడెవ్వడును దిద్దజాలడు.

తాటాకు సంగతి వేరు. మత్స్యపురాణమున నితడు శిశుకుడు, వాయుపురాణమున సింధుకుడు, విష్ణుపురాణమున శిప్రకుడు. ప్రాకృతపు పేరునకు సంస్కృతార్థము దొరకక, ఒకరు రాజును పసివానిని జేసిరి, ఒకరు సముద్రమునకు ముడివెట్టిరి. భాగవతమో, పేరే చెప్పక, వృషలుడనియు ఆంధ్రజాతీయుడనియు పేర్కొని విడిచినది. పేరు పోయి, పుట్టుకనుగూర్చిన యెత్తిపొడుపు మాత్రము నిలిచినది! మాకు మిక్కిలి నొప్పి కలిగించున దిదియే.

వంశనామమునకును ఈ గతియే పట్టినది. శాతవాహన శబ్దము ప్రాకృతమున సాలాహణ, హాల రూపములను పొందినది. మరల సంస్కృతమునకు తిరిగివచ్చి శాలివాహనమై, క్రీ.శ. 78లో మొదలైన శకమునకు తగులుకొని, నేటి పంచాంగములలో నిలిచియున్నది. సాతుడను యక్షుడు బాలుని మోసెనని కథాసరిత్సాగరము చెప్పుకథ, పేరునుండి పుట్టినదే కాని పేరునకు మూలము కాదు. రెండవ శతాబ్దమున టాలెమీ, పైఠానును ఏలు శ్రీపులుమావిని ‘సిరి పొలెమయోస్’ అని వ్రాసి, తన పేరునకు చుట్టమును జేసికొనెను. అతడు పరభాషీయుడు, క్షమింపవచ్చును. మనకేమి వచ్చినది?

ఈ యేడు నల్లబల్లపై చిముకుడని వ్రాసితిమి. ఒక బాలుడు లేచి, “పరీక్షల ఏది రాయాలె సారూ?” అని యడిగెను. పుస్తకములోని పేరే వ్రాయుమని చెప్పక తప్పినది కాదు.